మాణిక్యం మెడలో ఆరు బిళ్లలు

కొండరేవు అగ్నిమాపక కేంద్రం. రాస్తున్నది పొట్నూరు కూర్మావతి, పంపు ఆపరేటరు, మంటల్లోకి వెళ్లే జోడీలో రెండో మనిషి.

నమోదు 1

పైనుంచి ఆజ్ఞ వచ్చింది. మంటల్లోకి వెళ్లేవాళ్లంతా రోజూ మనసు విప్పి నాలుగు ముక్కలు రాయాలట. చివర్లో "ఈరోజు నా కృతజ్ఞత" అని ఒక వాక్యం తప్పనిసరట. చదివేది మనిషి కాదు, ఊరట. ఊరట అంటే శాఖవాళ్లు మాకిచ్చిన యంత్రపు గొంతు. గోడలోంచి, లిఫ్టులోంచి, మా గుండెల మీది బిళ్లల్లోంచి మాట్లాడుతుంది. తెల్లవారితే చాలు, గ్రాంథికంలో ఓదార్పు మొదలెడుతుంది. దానికి పంపాల్సింది డ్రైవరు ఈశ్వర్లు ఆరుగురి తరఫునా ఒకేసారి రాసి పారేస్తున్నాడు. ఇది మాత్రం నాది. విప్పమన్నారు కాబట్టి విప్పుతున్నాను, మధ్యలో మూసెయ్యమంటే కుదరదు.

పొద్దున్నే గోడలు చూశాం. ఈ ఊళ్లో గోడ లేని పని లేదు. పాత ఊరు సముద్రంలో కలిసిపోయాక కొండ మీద కట్టిన ఈ మేడలన్నిటికీ గోడలే బ్యాటరీలు. పగలు ఎండ తాగుతాయి, రాత్రి దీపాలు వెలిగిస్తాయి, బుద్ధి పుట్టినప్పుడు ఉబ్బి అంటుకుంటాయి. నీళ్లు కొడితే ఆరినట్టే ఆరి మళ్లీ లేస్తాయి. అందుకే ఏ గోడనైనా, ఏ తలుపునైనా మేం ముందు చేతి వెనకవైపుతో తాకుతాం. అరచెయ్యి పెడితే కాలినప్పుడు వేళ్లు బిగుసుకుపోతాయి. వెనకవైపు అయితే చెయ్యి దానంతటదే వెనక్కొస్తుంది. పనిలో చేరిన మొదటి రోజు నేర్పే విద్య ఇదే.

తాతారావు అన్నియ్య ఇప్పుడు ఆ చేత్తో అన్నీ తాకుతున్నాడు. కుర్చీ తాకి కూర్చుంటాడు. టీ గ్లాసు తాకి, కిందపెట్టి, మళ్లీ తాకుతాడు. ఇంట్లో కూతురు నిద్రపోతుంటే దాని నుదురు తాకి, ఒక్క క్షణమాగి మళ్లీ తాకుతాడని వదిన చెప్పి ఏడ్చింది. ఆయన మా జోడీలో మొదటి మనిషి. పడుకుని నిద్రపోవడం మానేశాడు, తలుపుకి వీపు ఆనించి కూర్చుని కునుకు తీస్తాడు. నలభై ఆరేళ్లకే చెయ్యి వణుకు వచ్చేసింది. పనసతొనల వాసన తగిలితే కక్కుకుంటాడు, ఎందుకంటే గోడ కాలేటప్పుడు అచ్చం మిగలపండిన పనసపండు వాసనే వస్తుంది.

శాఖ లెక్క ప్రకారం మాత్రం కొండరేవు మొత్తానికి ఆయనంత నిబ్బరమైన మనిషి లేడు. ఎందుకో రేపు రాస్తాను, ఇప్పుడు హోస్ పైపులు ఆరబెట్టాలి.

ఈరోజు నా కృతజ్ఞత: పైపులు మాట్లాడవు.

నమోదు 2

బిళ్ల సంగతి చెప్పాలి కదా. మా అందరికీ నిబ్బరం బిళ్లలు ఇచ్చారు. గుండె వేగం, ఊపిరి, వణుకు అన్నీ అదే కనిపెడుతుంది. పచ్చగా వెలిగితే నిబ్బరం. పసుపు వస్తే నవ్వుల తరగతి. వరసలో నిలబెట్టి, ఊరట "ఇప్పుడు హృదయపూర్వకంగా నవ్వుదాం" అనగానే అందరం హహహా అనాలి. బండ కింద నలిగి చనిపోయిన పిల్లాణ్ణి మోసుకొచ్చిన రోజు కూడా నవ్వాం. ఎరుపు పొద్దున్న వచ్చి పొద్దు కుంకేదాకా నిలిస్తే మాత్రం డాక్టరు వస్తుంది, నిజం డాక్టరు, రక్తమాంసాలున్నది. ఆమె మన్యంలో ఉన్న ఆరోగ్యాలయానికి పంపుతుంది. మూణ్ణెల్లు జీతంతో సెలవు. అక్కడి ఇళ్లు చెక్కవట, బ్యాటరీ గోడ ఒక్కటీ లేదట.

కానీ ఎరుపొచ్చిన స్టేషను ఆఫీసరుకి ప్రమోషను ఆగిపోతుంది. మా ఆఫీసరు ఉమాపతిగారు ముందే చెప్పేశారు. "మీరేం చేస్తారో నాకు తెలీదు, తెలుసుకోను కూడా. నా బోర్డు మీద పచ్చ తప్ప ఇంకో రంగు కనిపించకూడదు."

ఆ సమస్యని మాణిక్యం తీర్చింది. మాణిక్యం అంటే గేదె. మా స్టేషను ఎదుటి మేడ పదో అంతస్తు డాబా మీద పోలమ్మత్త పాడి. ఒకరోజు పాలకెళ్లిన ఈశ్వర్లు బిళ్ల అక్కడ జారిపడిపోయింది. తొక్కిడిలో పోతుందని పోలమ్మత్త దాన్ని మాణిక్యం మెడపట్టీకి కట్టింది. సాయంత్రానికి ఈశ్వర్లుకి శాఖ నుంచి మెప్పు వచ్చింది. జన్మలో ఎవరూ మెచ్చుకోని మనిషి! మర్నాటినుంచి స్టేషను మొత్తానికి పాల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఇప్పుడు మాణిక్యం మెడలో ఆరు బిళ్లలున్నాయి, పెళ్లికూతురు హారంలాగా.

నెలవారీ నివేదికను ఇవాళ ఊరట చదివి వినిపించింది. "కొండరేవు కేంద్రంలో ఆరుగురి హృదయాలు ఒకే లయలో స్పందించుచున్నవి. ఇంతటి ఐకమత్యము రాష్ట్రములో మరెక్కడా నమోదు కాలేదు. వీరి దవడల నిరంతర చలనమును బట్టి వీరు దినమంతా మంత్రజపము చేయుచున్నారని గ్రహించితిమి." ఈశ్వర్లు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తాడు. ఉమాపతిగారి గురించి కూడా చెప్పింది. "ఆఫీసరు గారిలో యువకుల చురుకుదనము కనిపించుచున్నది. విశ్రాంతి వేళలో సైతము గెంతుచున్నారు." యాభై అయిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, లిఫ్టు లేకపోతే మొదటి అంతస్తు ఎక్కలేడు. గెంతడమేమిటో మాకెవరికీ అర్థం కాలేదు. ఆయన మాత్రం తెగ దగ్గారు.

అసలు పిడుగు చివర్లో పడింది. తాతారావు బిళ్ల సరిగ్గా మాణిక్యం గొంతు కింద వేలాడుతుంది, అందరికంటే దానికే గుండె చప్పుడు బాగా అందుతుంది. ఈ ఏడు నిబ్బరం పురస్కారం ఆయనకే. బహుమానంగా ఆయన్ని మూడు స్టేషన్లకు మొదటి మనిషిని చేశారు. ఇకనుంచి ఏ మేడ అంటుకున్నా ముందు తలుపు తాకాల్సింది ఆయనే.

అన్నియ్య ఆ మాట విని లేచి నిలబడ్డాడు. బల్ల తాకాడు. మళ్లీ తాకాడు.

ఈరోజు నా కృతజ్ఞత: రాయను, నా వల్ల కాదు.

నమోదు 3

అనుకున్నంతా అయింది.

మధ్యాహ్నం చేపల మార్కెట్టు మేడలో ఏడో అంతస్తు. మెట్లెక్కుతుండగానే పనసపండు వాసన. నేను తాడు పట్టుకుని వెనకాల, అన్నియ్య ముందు. తలుపు దగ్గరకెళ్లాడు, చేతి వెనక ఆనించాడు. ఆనించినవాడు ఆనించినట్టే ఉండిపోయాడు. తీస్తాడు, పెడతాడు. లోపలినుంచి ఎవరో ముసలావిడ "బాబూ, బాబూ" అంటోంది.

"అన్నియ్యా, చల్లగుందా, వేడిగుందా?" అని అరిచాను.

"తెల్దమ్మీ. సల్లగనే ఉంది. సల్లగనే ఉంది గానీ తెల్దు."

ఆయన్ని పక్కకి తోసి తలుపు నేనే తన్నాను. అదృష్టం, మంట వంటింటి వైపుంది. ముసలావిణ్ణి భుజానేసుకుని వచ్చాను. అన్నియ్య వసారాలో అలాగే ఉన్నాడు, చెయ్యి తలుపు ఉన్నచోట గాల్లో పెట్టుకుని. కిందికి దిగాక ఫైరింజను లౌడుస్పీకర్లోంచి ఊరట ఊరందరూ వినేలా చెప్పింది. "తాతారావు గారికి అభినందనలు. జ్వాలల యెదుట వారి హృదయము లేశమాత్రమూ చలించలేదు." ఆ వేళకి మాణిక్యం కుడితి తాగుతూ ఉంటుంది. జనం చప్పట్లు కొట్టారు. అన్నియ్య ఇంజను చక్రం పక్కన కూర్చుని కక్కుకున్నాడు.

ఇలా ఎందుకయ్యాడో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. పోయిన వేసవిలో ఆయన జోడీ గురుమూర్తి. ఇద్దరూ ఒక కొత్త మేడలో తలుపు దగ్గర నిలబడ్డారు. అన్నియ్య చేతి వెనక ఆనించి "చల్లగుంది, పద" అన్నాడు. కొత్త రకం తలుపది, లోపల కొలిమి ఉన్నా బయటికి తెలియనివ్వదు. గురుమూర్తి తీసి అడుగు పెట్టాడు, తలుపు వెనక్కి కొట్టుకుని బిగుసుకుపోయింది. అంతే. ఆ మర్నాడు మాకు నవ్వుల తరగతి జరిగింది.

సాయంత్రం అన్నియ్య సెలవడగడానికి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను, ఒక్కణ్ణీ పంపితే అడక్కుండానే తిరిగొచ్చే రకం.

"ఆరోగ్యాలయానికి పంపండి బావూ," అన్నాడు. "నా సెయ్యి సెప్పింది నేను నమ్మలేకపోతన్నాను. నా యెనకాల వొచ్చే మడిసిని సంపేస్తాను ఎప్పుడో."

ఉమాపతిగారు బోర్డు చూపించారు. "ఏమయ్యా, నీకేమైంది? చూడు, పచ్చగా నవనవలాడుతున్నావు! ఇంత నిబ్బరం నాకుంటే నేను డైరెక్టరునయ్యేవాణ్ణి."

"అది నేను కాదు బావూ."

"మరి ఎవరు?"

అన్నియ్య నోరు తెరిచాడు. నేను ఆయన కాలు తొక్కాను. అది మాణిక్యమని చెబితే ఆరుగురి ఉద్యోగాలూ పోతాయి. ఉమాపతిగారు కూడా "చెప్పకు, వద్దు" అన్నట్టు చెయ్యి ఊపేశారు. మళ్లీ తెగ దగ్గారు.

బయటికొచ్చాక నా తిక్క నాకు ఎక్కింది. గేదె బాగుందని మనిషిని మంటల్లోకి తోస్తారా? ఛీ! ఈసారి ఆయన ఆగిపోయే తలుపు ముందు నేను లేకపోతే? ఉన్నా, మంట వంటింటివైపు కాకుండా ఇటువైపు లేస్తే? ఆయనకి ఎరుపు రావాలి. ఎలాగైనా ఒక పూర్తి రోజు రావాలి.

"ఆయన బిళ్ల ఆయనకే కట్టేస్తే పోలా?" అన్నాడు ఈశ్వర్లు. అదీ ప్రయత్నించాం. కట్టుకోనంటాడు. బోర్డు మీద తన పేరు ఎర్రబడితే గురుమూర్తి చావుకి తనే కారణమని శాఖ ముద్ర వేసినట్టేనట. సెలవు కావాలి, ఎరుపు వద్దు. మొండిఘటం.

ఈరోజు నా కృతజ్ఞత: ముసలావిడ బతికింది. పేరు అడగడం మర్చిపోయాను.

నమోదు 4

ఉపాయం దొరికింది. ఆయన కట్టుకోకపోతే మానె, బిళ్ల ఉన్నచోటే ఎర్రబడాలి. అంటే మాణిక్యానికి బెంగ పుట్టాలి.

దానికి నాలుగు నెలల దూడ ఉంది. ఒక్క పూట కూడా విడిచి ఉండలేదు. పొద్దున్న పాలు తీశాక దూడని ఎనిమిదో అంతస్తులో కట్టేస్తే, సాయంత్రం దాకా మాణిక్యం గోల గోల చేస్తుంది.

పోలమ్మత్త నామీద విరుచుకుపడింది. "నీ నోట్లో మన్నడా! నా మాణిక్యాన్ని ఏడిపిస్తానంతావేటి? నోరు నేని జీవం ఉసురు తగల్తాది!"

"ఒక్క రోజే అత్తా. దూడకి సీసాతో పాలు నువ్వే పట్టు. దెబ్బ తగలదు, ఆకలి ఉండదు. తాతారావు అన్నియ్య కోసం."

ఆ పేరు వినేసరికి చల్లబడింది. అన్నియ్య ప్రతిరోజూ డాబా ఎక్కి మాణిక్యం మెడ చేతి వెనకతో తాకి పోతాడట. దాన్ని మాత్రం ఒక్కసారే తాకుతాడట.

"ఆ మడిసి ఉన్నాడా, పోయాడా అన్నట్టున్నాడు," అంది కళ్లొత్తుకుంటూ. "సరే, ఒగ్గీ. ఒక్క పొద్దే. దాని మెడలో ఆ దిష్టిమూట మాత్రం ముట్టకండి, నేను ఒట్టేసినాను."

దూడ మెడలో నల్లగుడ్డ మూట ఒకటుంది. దాన్ని మేమెందుకు ముడతాం? మా ఐదుగురి బిళ్లలూ విప్పేసుకున్నాం, అన్నీ కలిసి ఎర్రబడితే ఊరటకైనా అనుమానం వస్తుంది. రేపు ఒక్కరోజు మా బిళ్లలు మేమే పెట్టుకుంటాం. మాకేం, దుక్కల్లా ఉన్నాం. అన్నియ్యకి మాత్రం చెప్పలేదు, చెబితే ఒప్పుకోడు.

ఈరోజు నా కృతజ్ఞత: పోలమ్మత్త తిట్లు.

నమోదు 5

ఏ పనైనా మనం అనుకున్నట్టు జరిగితే ఇక రాసేదేముంది?

పొద్దు పొడవకముందే దూడని దించాం. ఎండ డాబా మీద పడేసరికి మాణిక్యం మొదలెట్టింది. తాడు తెంచుకునేంత పనిచేసింది. తాతారావు బిళ్ల పసుపై, చూస్తుండగానే ఎర్రబడింది. నేను పక్కనే ఉన్నాను. బిళ్లలోంచి ఊరట పలికింది.

"తాతారావు గారూ, మీలో వేదన కనిపించుచున్నది. దీర్ఘముగా శ్వాసించుడు. మిమ్ము బాధించుచున్నదేమో నిస్సంకోచముగా తెలుపుడు."

మాణిక్యం మోర ఎత్తి కొండ అదిరేలా అరిచింది.

"ధన్యవాదములు. మీరు మీ భావమును చక్కగా వ్యక్తపరచితిరి. ఇటువంటి నిజాయతీ ఈ శాఖలో నేను విని యుండలేదు. ఇంకనూ చెప్పుడు."

ఇంకా చెప్పింది. పోలమ్మత్త చెవులు మూసుకుంది. నేను పొట్ట పట్టుకుని నవ్వుతూ కిందికి దిగాను.

స్టేషన్లో ఇత్తడి నాజిళ్లు తోముకుంటూ కూర్చున్నాను. నాకేం కాలేదని ఒట్టేసి చెప్పగలను. రోడ్డు మీద పనసతొనలవాడి బండి వచ్చింది, "తేనెతొనలూ" అని కేక వేశాడు. ఆ తర్వాత నేను పంపు గదిలో ఉన్నాను. లోపల్నుంచి గడియ వేసి ఉంది. నాజిల్ని రెండు చేతులతో గుండెకి హత్తుకుని నేల మీద కూర్చున్నాను, దవడలు బిగుసుకుపోయి నొప్పెడుతున్నాయి. అక్కడికి ఎలా వచ్చానో తెలియదు. బిళ్ల ఎర్రగా ఉంది.

"పాడైపోయింది దరిద్రపు బిళ్ల," అని అరిచాను. నేలకేసి కొట్టబోయాను. తలుపవతల ఈశ్వర్లు గొంతు వినిపించింది.

"నాదీ పాడైందే. కుక్కరు కూత పెట్టింది, ఇంజను కిందికి దూరిపోయాను. మిగతా ముగ్గురివీ అంతే."

గడియ తీశాను. ఇద్దరం ఒకరి బిళ్లలు ఒకరం చూసుకున్నాం. తాతారావు అన్నియ్య ఒక్కడికే జబ్బనుకుని, ఆయన్ని చూసి ఇన్నాళ్లూ జాలిపడ్డాను. నా గుండె మీద నా బిళ్ల పెట్టుకుని చూసుకోనేలేదు. రాత్రిళ్లు పళ్లు కొరుకుతున్నానని, ఊరకే అందరి మీదా విరుచుకుపడుతున్నానని మా ఆయన ఎన్నిసార్లన్నాడో! నా తత్వమే అంత అని దబాయించాను.

మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి మాణిక్యం అరుపు ఆగిపోయింది. పదో అంతస్తుకి పరిగెత్తాను. దూడ తల్లి పొదుగులో మూతి పెట్టి తాగుతోంది. పక్కన తాతారావు అన్నియ్య గడ్డి మీద కూర్చున్నాడు, దూడ తాడు ఇంకా చేతిలోనే ఉంది. గొంతు కింద బిళ్ల పచ్చగా, హాయిగా వెలుగుతోంది.

"ఏం పని చేశావు! నీ కోసమే కదా ఇదంతా! ఇంకొక్క పూట ఆగితే డాక్టరొచ్చేది! నీకు బుద్ధుందా?"

"అరుపు ఇనిపించింది," అన్నాడు.

"అరిస్తే చచ్చిపోతుందా గేదె?"

"అది కాదమ్మీ. కింద దూడ అరస్తంది, మీద తల్లి అరస్తంది. మజ్జిన తలుపులు." తాడుని వేళ్లకి చుట్టుకుంటూ ఆగాడు. "గురుమూర్తి నన్ను పిలిసేడు. తలుపు బిగిసిపోయాక. 'తాతా, తాతా' అని పిలిసేడు. నేనివతల. సెయ్యి తలుపు మీదే ఉంది. అప్పుడూ సల్లగనే ఉంది తలుపు. ఆడు పిలవడం ఆపేసేదాకా సల్లగనే ఉంది."

ఇన్నాళ్లలో ఆ మాట ఎవరికీ చెప్పలేదు, పెళ్లానికి కూడా. అక్కడ గడ్డిలో కూలబడి నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు, నా నుదురు చేతి వెనకతో తాకి చూశాడు. నా బిళ్ల ఎర్రగానే ఉంది.

కృతజ్ఞత గురించి ఈరోజు నన్నెవరూ అడగొద్దు.

నమోదు 6

పొద్దు కుంకేదాకా మా ఐదుగురి ఎరుపూ నిలిచింది. ఒక్కటైతే ఉమాపతిగారు తొక్కిపెట్టేవారు, ఐదు ఒకేసారి రాజధాని బోర్డు మీద మోగాయి. ఆయన పరిగెత్తుకుంటూ వచ్చారు. విచిత్రమేమిటంటే నిన్న బోర్డు మీద ఆయన పేరు కూడా పొద్దున్నంతా ఎర్రగా ఉండి మధ్యాహ్నం పచ్చబడింది.

"సర్వనాశనం చేశారు! ఒక్క తాతారావు తప్ప అందరూ ఎరుపే!"

అప్పుడు ఊరట నిర్ణయం ప్రకటించింది. "ఐదుగురు సిబ్బందిని ఆరోగ్యాలయమునకు పంపుట అవసరము. తాతారావు గారు ఒక్కరే ఆరోగ్యవంతులు గావున, వారు కేంద్రమునందే ఉండి మూడు కేంద్రముల బాధ్యతను వహింతురు. తిరిగి వచ్చిన సహచరులకు నిబ్బరమును బోధింతురు."

అంటే నేను మన్యంలో చెక్క ఇంట్లో పడుకుంటాను. ఆయన వెనకాల తాడు పట్టుకునే మనిషి కూడా లేకుండా ప్రతి తలుపు ముందూ ఒంటరిగా నిలబడతాడు. రక్షించబోయి ముంచేశాను. అన్నియ్య తల ఊపి "మీరెల్లి రండమ్మీ, నేను సూసుకుంటాను" అన్నాడు. బల్ల తాకాడు.

డాక్టరు రేపొస్తుందట. ఉద్యోగం పోతే పోయింది, ఆమెని పదో అంతస్తుకి తీసుకెళ్తాను.

నమోదు 7

డాక్టరు హైమగారు అరవై దాటిన మనిషి. మా కళ్లు చూసింది, చేతులు పట్టుకుని చూసింది, గోడలోంచి మాట్లాడబోయిన ఊరటని "నువ్వాగమ్మా" అంది. ఆ ఒక్క ముక్కకే సగం జబ్బు నయమైంది నాకు.

"ఆరో ఆయన్ని కూడా ఒకసారి చూద్దాం," అంది. "ఇంత మంచి గుండె నా జన్మలో చూడలేదు."

"పదండి, చూపిస్తాను," అన్నాను. ఉమాపతిగారు అడ్డం పడబోయారు. ఆయన మోకాళ్లు అడ్డం పడటానికి సహకరించలేదు.

అందరం డాబా ఎక్కాం. మాణిక్యం నెమరేస్తోంది. హైమగారు మెడపట్టీ దగ్గర వంగి బిళ్ల మీద పేరు చదివింది. తర్వాత మాణిక్యం గంగడోలు నిమిరి "తాతారావుగారూ, బాగున్నారా?" అంది. ఈశ్వర్లు పగలబడి నవ్వాడు, ఎవరూ నవ్వమనకుండానే.

అప్పుడే దూడ గెంతుతూ వచ్చి డాక్టరుగారి చీర నమలబోయింది. మెడలో దిష్టిమూట జారి ముడి ఊడింది. లోపల్నుంచి బంగారు అంచు బిళ్ల కిందపడింది. బంగారు అంచు ఆఫీసర్లకే ఇస్తారు.

"నేనెవరికీ సెప్పలేదు బావూ!" అని పోలమ్మత్త గుండెలు బాదుకుంది. "ఒట్టు! ఎవరికీ సెప్పలేదు!"

ఉమాపతిగారు ఎవరివైపూ చూడలేదు. వంగి బిళ్ల తీసుకుని, తుడిచి, ఏమనుకున్నారో, తన చొక్కాకే పెట్టుకున్నారు. పెట్టగానే ఎర్రబడింది. అలాగే కుడితి తొట్టి అంచు మీద కూర్చుండిపోయారు. "ఆ రోజు గురుమూర్తి వాళ్లని లోపలికి వెళ్లమని ఆర్డరిచ్చింది నేనే," అన్నారు. "కొత్త రకం తలుపులని కాగితం నా దగ్గరకి అంతకుముందే వచ్చింది. చదవలేదు."

కొడదామన్నంత కోపం వచ్చింది నాకు. అన్నియ్య మాత్రం ఆయన దగ్గరకెళ్లి నుదురు చేతి వెనకతో తాకాడు. తర్వాత మాణిక్యం దగ్గరకెళ్లి, మెడ కింద తన బిళ్ల విప్పి, తన గుండె మీద పెట్టుకున్నాడు. అది ఒక్కసారి పచ్చగా మినుకుమని, ఎర్రగా మారి ఆగకుండా మోగింది.

"తాతారావు గారూ," అంది ఊరట, "క్షణము క్రితము వరకు మీరు సంపూర్ణ ఆరోగ్యముతో ఉంటిరి. హఠాత్తుగా ఏమి జరిగినది?"

"హఠాత్తుగా కాదు," అన్నాడు అన్నియ్య. "పోయిన ఏసంగిలో జరిగింది. కూకో, సెప్తాను."

మోగుతున్న బిళ్లకి మొదట్నుంచీ చెప్పాడు. అందరం విన్నాం. ఈసారి ఆయన ఏడ్చాడు.

ఈరోజు నా కృతజ్ఞత: దూడకి.

నమోదు 8

ఆరోగ్యాలయం. ఇక్కడ రాయమని ఎవరూ అడగలేదు, అలవాటైపోయి రాస్తున్నాను.

ఏడుగురమూ వచ్చేశాం. మా స్టేషనుకి పక్క ఊరివాళ్లు కాపలా. ఉద్యోగాలు పోలేదు, ఎందుకంటే మమ్మల్ని తీసేస్తే శాఖ తన తప్పు ఒప్పుకోవాల్సి వచ్చేది. దానికి బదులు వాళ్లు ఇంకో దారి ఆలోచించారు. ఇవాళ ఈశ్వర్లు ఆజ్ఞ చదివి వినిపించాడు. కొండరేవు ప్రయోగం అద్భుత ఫలితాలిచ్చినందున రాష్ట్రంలో ప్రతి అగ్నిమాపక కేంద్రానికీ ఒక పాడిగేదెను మంజూరు చేశారు, ఆఫీసర్లకు విడిగా ఒక దూడ. మాణిక్యానికి నిబ్బరం పురస్కారం. పోలమ్మత్త దాన్ని పసుపు కుంకుమలతో ముస్తాబు చేసి సభకి తీసుకెళ్లింది. దండ వేయగానే దండ తినేసిందట. ఊరట మాత్రం హైమగారితో చెప్పుకుందట, తాతారావు గారు చెప్పినది విన్న పిదప ఏమి చేయవలెనో తనకు తెలియదని. "నాకూ తెలీదమ్మా, వింటూ ఉండు" అందట డాక్టరమ్మ.

నా పళ్లు కొరకడం తగ్గలేదు. ఉమాపతిగారు ఎవరితోనూ మాట్లాడకుండా కట్టెలు కొడుతుంటారు. నేను ఆయనతో ఇంకా మాట్లాడలేదు, మాట్లాడతానేమో తెలియదు. అన్నియ్య చెయ్యి ఇంకా వణుకుతోంది. నిన్నొక్క రాత్రి మాత్రం పడుకుని నిద్రపోయాడు.

మధ్యాహ్నం భోజనానికి గంట కొట్టారు. భోజనాల గది తలుపు మూసి ఉంది. చెక్క తలుపు. అన్నియ్య దాని ముందు నిలబడి చేతి వెనక ఆనించాడు. నేను వెనకాల ఆగాను, ఆయన రెండోసారి తాకుతాడని. చెయ్యి తియ్యకుండానే నావైపు తిరిగాడు.

"నువ్వు కూడా సూడమ్మీ."

వెళ్లి నా చేతి వెనక ఆయన చేతి పక్కనే ఆనించాను.

"చల్లగుంది అన్నియ్యా."

"నమ్మొచ్చునంటావా?"

"తెలీదు. కలిసే తీద్దాం."

ఇద్దరం కలిసి తోశాం. లోపల బల్ల మీద అన్నం, పప్పు, మజ్జిగ ఉన్నాయి. పనసకూర వండారని వాసన వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బయట అరుగు మీదికి కంచాలు తెచ్చుకుని, పప్పన్నం తిన్నాం.

ఈరోజు నా కృతజ్ఞత: ఆయన ఒక్కసారే తాకాడు.